బ్లాక్ టై కార్డూ, నాన్నగారి పంచే

పన్నెండేళ్ళ క్రితం, ఇంగ్లండ్ ఉత్తరాన ఒక ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా చేరిన మొదటి డిసెంబరులో, డిపార్ట్‌మెంటు వార్షిక విందుకి నాకూ మా ఆయనకీ పిలుపొచ్చింది. దళసరి అట్ట కార్డు. అడుగున ఒక మూల రెండే మాటలు: బ్లాక్ టై. మా ఆయన శ్రద్ధగా బజారుకెళ్ళి మంచి పట్టు టై, నల్లది, పొడవాటిది, కొని తెచ్చుకున్నాడు. ముదురు బూడిదరంగు సూటు, తెల్ల చొక్కా, ఆ టై. బాగున్నాడు కూడా. హాల్లో అడుగుపెట్టిన కాసేపటికి ఒక పెద్దావిడ మా దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి, ఇవాళ ఎవరినైనా సాగనంపి వస్తున్నారా అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది, ఎందుకంటే ఆ దేశంలో పొడవాటి నల్ల టై చావు ఇంటికి కట్టుకుంటారు. చుట్టూ చూస్తే మగవాళ్ళందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు: నల్ల కోటు, కోటు అంచులకి మెరిసే పట్టు, మెడ దగ్గర సీతాకోకచిలకలా కట్టిన బో. మా ఆయన ఆ రాత్రి భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఇంటికొచ్చాక కార్డు తీసి మళ్ళీ చదివాడు. రెండే మాటలు, ఇందులో నేనేం తప్పు చదివాను అన్నాడు.

తప్పు చదవలేదు. ఆ రెండు మాటల వెనక నూటయాభై ఏళ్ళ సంగతి ఉంది, అది పుట్టినప్పటినుంచీ ఆ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి తెలుసు, మాకు తెలీదు, అంతే. కానీ ఆ రాత్రి మొదలైన ఆలోచన నన్నింకా వదల్లేదు. రాత్రి విందుకి ఇలాగే రావాలి అని చెప్పడంలో అసలు అర్థం ఏమిటి? మనిషిని గౌరవించడమా, వడపోయడమా? నాకు రెండువైపులా అనుభవం అయింది కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ కోటు సంగతి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్‌లో బ్రమ్మెల్ అని ఒకాయన ఉండేవాడు. జమీందారు కాదు, బిరుదులు లేవు. జరీ పూలు, రంగు పట్టులు వేసుకు తిరిగే దొరల మధ్య ఆయన ముదురు రంగు కోటు, ఉతికి గంజిపెట్టిన తెల్లటి మెడబట్ట, అంతే, అంత సాదాగా వచ్చేవాడు. ఆ సాదాతనమే చివరికి అందరికీ అలవాటైంది. మగవాళ్ళ రాత్రి దుస్తులంటే నలుపూ తెలుపూ అని స్థిరపడింది. మొదట అది వెనక తోకలున్న పొడవాటి కోటు. దానికి తెల్ల బో, తెల్ల వెయిస్ట్‌కోటు. దాన్నే వైట్ టై అంటారు. ఇప్పటికీ నోబెల్ బహుమతులిచ్చే డిసెంబరు 10న స్టాక్‌హోమ్‌లో మగవాళ్ళు మామూలుగా అదే వేసుకుంటారు. తర్వాత 1865లో, అప్పటి యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజైన ఆయన, సాండ్రింగ్‌హామ్‌లో, అంటే తన పల్లెటూరి భవనంలో, ఇంటి భోజనాలకి ఆ తోకల కోటు మరీ బరువుగా ఉందని హెన్రీ పూల్ అనే దర్జీ దుకాణంలో తోకల్లేని పొట్టి కోటు కుట్టించుకున్నాడు. ఈ డిన్నర్ జాకెట్ అక్కడినుంచే వచ్చింది. అమెరికా వాళ్ళు దాన్ని టక్సీడో అంటారు, న్యూయార్క్ దగ్గర 1886లో పెట్టిన టక్సీడో క్లబ్బు పేరు మీద. అంటే మా ఆయన్ని అంత కంగారు పెట్టిన ఈ బ్లాక్ టై, పుట్టినప్పుడు ఇంట్లో తీరిగ్గా కూర్చోవడానికి వేసుకునే బట్ట.

నియమాలు సాయంత్రం ఆరు దాటాకే. పగలు వేసుకుంటే తప్పు. ప్యాంటుకి పక్కన ఒక పట్టు పట్టీ, వైట్ టై అయితే రెండు. నడుముకి కమర్‌బండ్.

ఈ కమర్‌బండ్ దగ్గర ఆగాలి. హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు, కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. మన పల్లెల్లో దట్టీ అంటామే, అదే. మన దేశానికొచ్చిన బ్రిటిష్ సైనికాధికారులు వెయిస్ట్‌కోటు వేసుకుని ఈ ఎండల్లో ఉడికిపోయి, చుట్టూ ఉన్న మనవాళ్ళు నడుముకి కట్టుకునే బట్ట చూసి, అది కట్టుకోవడం మొదలుపెట్టారు. తర్వాత అది లండన్ విందుల్లోకి వెళ్ళిపోయింది. నల్ల కోటు వేడి అని ఉష్ణదేశాల్లో తెల్ల డిన్నర్ జాకెట్ కూడా వాళ్ళే మొదలుపెట్టుకున్నారు. అడవిలో డేరా వేసుకున్నా రాత్రి భోజనానికి బట్టలు మార్చుకు కూర్చునేంత పట్టుదల ఉన్న మనుషులు, మన ఎండ ముందు మాత్రం నియమాన్ని సడలించుకున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నా మాట. బ్లాక్ టై అన్న మాట పూర్తిగా విప్పి చెబితే, అది నేను చూసిన దుస్తుల నియమాలన్నిటిలోకీ దయగలది. చాలామంది మిత్రులు ఒప్పుకోరని తెలుసు. డబ్బున్నవాళ్ళ గొప్ప అంటారు. కానీ ఆలోచించండి, అందరూ ఒకటే వేసుకోవాలన్నప్పుడు దాన్ని అద్దెకి తెచ్చుకోవచ్చు. మాస్ బ్రదర్స్ అనే లండన్ దుకాణం 1897 నుంచే సూట్లు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. రెండో ఏడు మా ఆయన ఒక అద్దె జాకెట్ తెచ్చుకున్నాడు, బో కట్టడం రెండు రాత్రులు కూర్చుని నేర్చుకున్నాడు. ఆ రోజు హాల్లో ఆయనకీ, మా డిపార్ట్‌మెంటు పెద్దకీ, ఆ పక్కన కొత్తగా చేరిన ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికీ పది అడుగుల దూరం నుంచి చూస్తే తేడా లేదు. దగ్గరికెళితే గుడ్డలో, కుట్టులో తేడా తెలుస్తుంది, నిజమే. అయినా ఎవరి జీతం ఎంతో ఎవరి ఛాతీ మీదా రాసిలేదు. ఆ రాత్రి మా ఆయన బాగా తిన్నాడు, బాగా మాట్లాడాడు.

అదే 'స్మార్ట్ క్యాజువల్' అని రాసిన కార్డు తీసుకోండి. దాన్ని ఎక్కడ అద్దెకి తెస్తారు? ఏ కాలరు, ఏ బూటు, చొక్కా టక్ చెయ్యాలా వద్దా, మరీ కొత్తగా ఉంటే ప్రయత్నించినట్టు కనిపిస్తుందా, మరీ పాతగా ఉంటే లెక్కలేనట్టు కనిపిస్తుందా. రాసిపెట్టని ఈ లెక్కలన్నీ ఆ వర్గంలో పుట్టినవాళ్ళకి అమ్మ చేతి ముద్దతో పాటు వంటబడతాయి. బయటినుంచి వచ్చినవాళ్ళకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నియమం తీసేశాం, మీకు నచ్చినట్టు రండి అంటారు. నియమం పోలేదు, కాగితం మీదనుంచి తీసేశారు, అంతే. రాసి ఉంటే కనీసం చదువుకుని నేర్చుకోవచ్చు. నేర్చుకోగలిగినదేదైనా బయటివాడికి తలుపే.

ఆడవాళ్ళ సంగతి చూస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ కార్డు మీది రెండు మాటలూ మగవాళ్ళ మెడ గురించే. నాకేం చెప్పలేదు. పొడుగు గౌను అని లోకజ్ఞానం, ఎంత పొడుగు, ఏ రంగు, భుజాలు కనపడొచ్చా, పోయినేడాది వేసుకున్నది మళ్ళీ వేసుకోవచ్చా, ఏమీ రాసి ఉండదు. నాతో పనిచేసే ఒక జూనియర్ డాక్టరు, బొగ్గుగని కార్మికుల కుటుంబంలోంచి వచ్చిన ఇంగ్లీషు పిల్ల, విందు రోజు బట్టలు మార్చుకుంటూ చెప్పింది, ఈ గౌనుకి పెట్టిన డబ్బు తలుచుకుంటే నిద్రపట్టలేదని, ఫొటోల్లో పడుతుంది కాబట్టి వచ్చే ఏడాది దీన్ని మళ్ళీ వేసుకోలేనని. ఆమె పక్కన కూర్చున్న ప్రొఫెసరు గారి జాకెట్ ఆయన తండ్రిదట. ముప్ఫై ఏళ్ళుగా అదే. మగవాళ్ళకి యూనిఫాం ఇచ్చి స్వేచ్ఛనిచ్చారు, ఆడవాళ్ళకి స్వేచ్ఛనిచ్చి ఖర్చు అప్పజెప్పారు. నాకు మాత్రం అమ్మ ఇచ్చిన గద్వాల చీర ఉంది, నిండుగా పాదాల దాకా, ఎవరూ కాదనలేనిది. అది కట్టుకున్న ప్రతిసారీ ఆ పిల్ల గుర్తొచ్చి నేను ఎంత అదృష్టవంతురాలినో అనుకుంటాను.

ఈ జబ్బు ఇప్పుడు మన పెళ్ళిళ్ళకీ పట్టింది. వాట్సాప్‌లో పెళ్ళి కార్డుతో పాటు ఇంకో కార్డు వస్తోంది: హల్దీకి పసుపు, మెహందీకి ఆకుపచ్చ, సంగీత్‌కి 'పేస్టల్ షేడ్స్', రిసెప్షన్‌కి 'కాక్‌టెయిల్'. పగలు పట్టుపంచె కట్టిన పెళ్ళికొడుకే రాత్రి ఏసీ ఫంక్షన్ హాల్లో సూటూ టైతో నిలబడటం మనకి ఎప్పటినుంచో ఉంది, దానితో నాకు పేచీ లేదు. కానీ నలుగురు పిల్లలున్న ఇంట్లో ఈ నాలుగు రంగుల లెక్క ఎంతవుతుందో పిలిచినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించారా? పిలుపు అందుకున్నవాళ్ళు సంబరపడాలి గానీ బీరువా తలుపు తెరిచి దిగాలుగా నిలబడకూడదు.

మన దగ్గర ఇంతకంటే మంచి పద్ధతి ఉంది. మనం బట్టని గడియారంతో ముడిపెట్టలేదు, సందర్భంతో ముడిపెట్టాం. పూజకి మడిబట్ట, తద్దినానికి తడిపి ఆరేసింది. పెళ్ళిలో మధుపర్కాలు. మా గోదావరి వైపు, ఎంత కలిగినవాళ్ళ పెళ్ళయినా, లక్షల రూపాయల కంచిపట్టు కట్టుకు కూర్చున్న పెళ్ళికూతురు సరిగ్గా ఆ ఘట్టానికి లేచి వెళ్ళి తెల్లటి నూలుచీర, ఎర్ర అంచుది, కట్టుకొస్తుంది. పెళ్ళికొడుకూ అంతే, తెల్ల నూలుపంచె. తలంబ్రాలు పోసుకునేది వాటిలో. కోటీశ్వరుల ఇంట్లోనూ, మా వీధి చివర వడ్రంగి గారింట్లోనూ అవే మధుపర్కాలు. నేను బ్లాక్ టైలో చూసిన మంచి ఏదైతే ఉందో అది ఇదే, కొంతసేపు అందరూ ఒకటే గుడ్డలోకి రావడం.

సరే, ఇక నాన్నగారి సంగతి. రాయాలా వద్దా అని చాలాకాలం ఊగిసలాడాను.

మా నాన్నగారు తణుకు దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు. తెల్ల పంచె, లాల్చీ, భుజం మీద కండువా. వేరే వేషంలో నేనెప్పుడూ చూడలేదు. నాలుగేళ్ళ క్రితం నేను సెలవుకి వెళ్ళినప్పుడు, మా పెదనాన్నగారబ్బాయి, నాకు అన్నయ్య, రిటైరయ్యాడని హైదరాబాదులో ఒక పాత క్లబ్బులో రాత్రి భోజనం పెట్టాడు. బ్రిటిష్ కాలంనాటి క్లబ్బు, పేరు చెప్పను. గేటు దాటి వరండాలోకి వెళ్ళాక ఒకతను వచ్చి చాలా మర్యాదగా ఆపాడు. గోడ మీద బోర్డు చూపించాడు. సూటు, లేదా ప్యాంటూ కాలరు చొక్కా, మూసిన బూట్లు. భారతీయ దుస్తులైతే బంద్‌గలా, షేర్వాణీ. అంటే భారతీయ దుస్తులకి చోటు ఉంది. జోధ్‌పూర్ రాజుల కోటుకి ఉంది, నిజాం దర్బారు షేర్వాణీకి ఉంది. పంచెకి లేదు.

అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్, ఒక్క నిమిషం, నేను మాట్లాడతా" అని లోపలికెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి కౌంటర్లో అతిథుల కోసం ఉంచిన ప్యాంటొకటి ఉందని, పంచె మీదనుంచే వేసుకోవచ్చని చెప్పారు. చెప్పినవాడి తప్పేం లేదు, అతని ఉద్యోగం అది, అతని ముఖంలో ఇబ్బంది నాకు కనిపించింది. నాన్నగారు ఆ ప్యాంటు వైపు చూశారు. "నాకు ఆకలిగా లేదు నాయనా. మీరు కానివ్వండి, నేను కారులో కూర్చుంటాను" అన్నారు. నేనూ వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాను. గంటసేపు ఆయన ఒక్క మాట కూడా దాని గురించి అనలేదు. పోతన పద్యాలు రెండు చదివారు, మా స్కూలు రోజుల గురించి మాట్లాడారు. ఆ గంట నేను మర్చిపోలేను.

ఆ తర్వాత ఆలోచిస్తే నన్ను బాధించింది నియమం ఉండటం కాదు. ఆ నియమం చేసినవాళ్ళు మన ఎండకి, మన దట్టీకి తలవంచి మార్చుకున్నారు. ఇంగ్లండ్‌లో మా విందు కార్డు మీద కొన్నేళ్ళుగా 'బ్లాక్ టై లేదా జాతీయ దుస్తులు' అని వేస్తున్నారు. నోబెల్ వేడుకల్లోనూ ఆ వెసులుబాటు ఉంది. 2019లో అభిజిత్ బెనర్జీ బెంగాలీ ధోవతి, పైన బంద్‌గలా వేసుకుని, ఎస్తర్ డుఫ్లో చీర కట్టుకుని స్వీడన్ రాజు చేతిమీదుగా బహుమతి తీసుకున్నారు. స్టాక్‌హోమ్‌లో చెల్లిన ధోవతి హైదరాబాదులో గేటు దగ్గర ఆగిపోతే, ఆ గేటు ఎవరిది?

తమిళనాడులో దీనికి చట్టమే తెచ్చారు. 2014 జులైలో చెన్నై చేపాక్‌లోని క్రికెట్ సంఘం క్లబ్బులో ఒక పుస్తకావిష్కరణకి వెళ్ళిన హైకోర్టు జడ్జి హరిపరంథామన్ గారిని వేష్టి, అంటే తమిళుల పంచె, కట్టుకొచ్చారని లోపలికి రానివ్వలేదు. జడ్జిగారినే ఆపారు కాబట్టి అసెంబ్లీ దద్దరిల్లింది, మరుసటి నెలలోనే జయలలిత ప్రభుత్వం బిల్లు తెచ్చింది. వేష్టి గానీ మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ వేసుకొచ్చినవాళ్ళని క్లబ్బులు ఆపితే లైసెన్సు పోతుంది, శిక్ష కూడా ఉంది. మంచి చట్టం. రిటైరైన తెలుగు మాస్టార్ని ఆపితే ఏ అసెంబ్లీ దద్దరిల్లదు.

ఏ మాటకామాట చెప్పాలి కదా, పంచెని మరీ నెత్తిన పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఈ కథ నేను మా ఆసుపత్రిలో పనిచేసే ఒక తెలుగు డాక్టరుగారికి, గుంటూరు జిల్లా దళిత కుటుంబంలోంచి వచ్చినాయన, చెప్పినప్పుడు ఆయన శ్రద్ధగా విని ఒకటే అన్నారు: "మా తాతయ్యకి పంచె మోకాళ్ళ కిందకి దించే హక్కు లేదండీ. పెద్దకులాల వీధిలోకి వస్తే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. మా ఇంట్లో ఫస్టు సూటు కుట్టించుకున్న రోజు పండగ." నేను మాట్లాడలేకపోయాను. నాన్నగారి భుజం మీద కండువా కూడా ఒకప్పుడు మా ఊళ్ళో ఒక డ్రెస్ కోడే, ఎవరు వేసుకోవచ్చో ఎవరు భుజం మీదనుంచి దించాలో చెప్పే నియమం. అది ఏ బోర్డు మీదా రాయలేదు, అయినా అందరికీ తెలుసు.

అందుకే లండన్‌లో జరిగిన 1931 రౌండ్ టేబుల్ సమావేశం గురించి నేను మళ్ళీ మళ్ళీ ఆలోచిస్తాను. కుర్రతనంలో, 1888లో లండన్‌కి చదువుకోవడానికి వెళ్ళిన గాంధీగారు బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్లు పోసి రాత్రి విందుల సూటు కుట్టించుకున్నారు, టై కట్టడం నేర్చుకున్నారు. తనే రాసుకున్నారు ఈ సంగతి. ఆ కోటు అర్థం ఏమిటో ఆయనకి పూర్తిగా తెలుసు. నలభై మూడేళ్ళ తర్వాత బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో అయిదో జార్జి ఇచ్చిన తేనీటి విందుకి కొల్లాయి, శాలువా, చెప్పులతో వెళ్ళారు. అదే రౌండ్ టేబుల్ సమావేశాలకి అంబేద్కర్ గారు సూటు వేసుకుని వెళ్ళారు. ఒకరు తీసేశారు, ఒకరు వేసుకున్నారు. నాకు ఇద్దరూ సరైన పనే చేశారనిపిస్తుంది. దళితులకి ఒంటి మీద గుడ్డ ఇంతే ఉండాలని తరతరాలుగా శాసించినవాళ్ళ ముందు ఆ మూడు ముక్కల సూటు నిలబడింది. ఇవాళ బెజవాడలో 125 అడుగుల ఎత్తున, ప్రతి ఊరి కూడలిలోనూ నిలువెత్తున, ఆ సూటే నిలబడి ఉంది. దానిమీద ఎవరైనా అది విదేశీ వేషం అంటే నేను ఊరుకోను.

కాబట్టి సూటు వద్దు పంచే కావాలి అని నేను అనడం లేదు. విందుకి మంచి బట్టలు కట్టుకురమ్మనడం తప్పని కూడా అనను. పిలిచినవాళ్ళ ఇంటికి మామూలు రోజులా వెళ్ళకూడదని, కాస్త తల దువ్వుకుని, ఇస్త్రీ బట్ట కట్టుకుని వెళ్ళాలని మా అమ్మ చెప్పేది, నేను మా పిల్లలకీ అదే చెబుతాను. నేను అడిగేవి రెండే. ఏం కావాలో విప్పి రాయండి, కొత్తవాళ్ళకి అర్థమయ్యేలా, రెండు మాటల్లో దాచెయ్యకుండా. ఇక ఆ రాసినదాంట్లో మీ చుట్టూ ఉన్న మనుషులు పండగకి ఏం కట్టుకుంటారో అది ఉండాలి. ఇస్త్రీ పంచె, శుభ్రమైన లాల్చీ, కండువా వేసుకున్న ఒక మనిషి అంతకంటే పద్ధతిగా ఎలా రాగలడు? అది లేని పట్టికని ఎన్నేళ్ళనుంచి గోడ మీద ఉన్నా సంప్రదాయం అని నేను అనలేను, నకలు అంటాను, అదీ అసలువాళ్ళు దిద్దుకున్నాక కూడా దిద్దుకోని నకలు.

అన్నయ్య ఆ రోజు నుంచీ మనసులో పెట్టుకున్నాడు. కిందటి నెల ఫోన్ చేసి, క్లబ్బు సర్వసభ్య సమావేశానికి ముందు సభ్యులెవరైనా నియమాల మార్పు కోసం ఉత్తరం ఇవ్వొచ్చని, తను ఇస్తానని, రాసిపెట్టమని అడిగాడు. నేను ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను, గాంధీగారు, నోబెలు, తమిళనాడు చట్టం, అన్నీ పెట్టి. అన్నయ్య అది నాన్నగారికి చూపించాడు. ఆయన మొత్తం చదివి, ఇంత అక్కర్లేదురా, తెలుగులో ఒక్క వాక్యం చాలు అన్నారట. ఇప్పుడు ఆ ఉత్తరంలో ఉన్నది ఇదే: "భారతీయ దుస్తులు అన్నచోట బంద్‌గలా, షేర్వాణీల పక్కన పంచె, లాల్చీ అని కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాము." టైపు చేసినవాడు షేర్వాణీలో వత్తు తప్పు పెడితే ఎర్రసిరాతో దిద్ది పంపించారు.